మనోవ్యాధితో జీవించు మనోవైద్యులు

మనోవ్యాధులకు చికిత్స చేయుటయే వృత్తిగా గలిగి, తామును అట్టి వ్యాధులలో ఒకదానితో జీవితము గడపుచున్న వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, నర్సులు, సామాజిక కార్యకర్తలు సకల దేశములందును గలరు. హృద్రోగ నిపుణునకు గుండెనొప్పి వచ్చినచో లోకము జాలిపడునే కాని అతని శాస్త్రజ్ఞానమును శంకింపదు. మనోవైద్యునకు మనోవ్యాధి కలిగినచో మాత్రము అతని బుద్ధిని, అర్హతను, తుదకు అతని మాటను సైతము సందేహించుట చిరకాలముగ వచ్చుచున్న ఆచారము. ఈ సందేహమునకు వెరచి పెక్కుమంది తమ వ్యాధిని సహోద్యోగులకు తెలియనీయక, ఔషధములను చాటుమాటుగ సేవించుచు వృత్తి సాగించిరి. మరికొందరు ఆయుష్షులో అధికభాగము గడచిన పిదపగాని నోరు విప్పలేదు. అయినను నేడు ప్రపంచమున ప్రచారములోనున్న కొన్ని చికిత్సా పద్ధతులును, రోగుల స్వాతంత్ర్యమును గూర్చిన కొన్ని ముఖ్యభావములును ఇట్టివారి అనుభవమునుండి పుట్టినవే యగుటచే, వీరి చరిత్రము ఆధునిక మనోవైద్య చరిత్రమున ఉపేక్షింపరాని అధ్యాయమైనది.

విస్తృతి, కారణములు

ఇట్టివారి సంఖ్య స్వల్పమని తలచుట పొరపాటు. అమెరికా, కెనడా దేశములందు చికిత్సా సంబంధమైన మనస్తత్వ శాస్త్రమును బోధించువారిని, అభ్యసించువారిని కలిపి 1,692 మందిని ప్రశ్నించి 2022లో ప్రకటించిన ఒక పరిశీలనమున, వారిలో 80 శాతమునకు మించినవారు జీవితమున ఎన్నడో ఒకప్పుడు మానసికమైన ఇక్కట్లకు లోనైతిమనియు, 48 శాతము మంది తమకు నిర్ణీతమైన వ్యాధియే కలదనియు తెలిపిరి. బ్రిటనులో 678 మంది క్లినికల్ సైకాలజిస్టులను గూర్చి 2018లో వెలువడిన వేరొక పరిశీలనమున, రమారమి మూడింట రెండువంతులమంది అట్టి అనుభవము తమకు గలదనిరి. ఇట్టి ప్రశ్నావళులకు స్వానుభవము గలవారే ఎక్కువ ఆసక్తితో బదులిచ్చుట సహజము గావున ఈ అంకెలను కొంత జాగరూకతతో గ్రహింపవలెను. కాని వృత్తిలోనివారు ఈ వ్యాధులకు అతీతులు కారని నిరూపించుటకు ఇవి చాలును.

ఇందులకు కారణములు మూడువిధములుగ గానవచ్చుచున్నవి. తమ యింటిలోనో, తమయందో వ్యాధిని చూచినవారు దాని మర్మము నెరుగగోరి ఈ శాస్త్రమును ఆశ్రయించుట మొదటిది. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వ్యాధి వంటివి కౌమారాంతమునుండి ముప్పది ఏండ్ల లోపుననే సామాన్యముగ తల చూపుటయు, వైద్యవిద్యాభ్యాసమును సరిగా ఆ వయస్సుననే జరుగుటయు రెండవది. నిత్యము పరుల దుఃఖమును వినుటయు, రాత్రి నిద్ర చెడుటయు, రోగి ఆత్మహత్య చేసికొన్నప్పుడు ఆ భారమును ఒంటిగా మోయుటయు గల వృత్తిస్వభావము మూడవది. ఈ మూడును ఒకే మనిషియందు కలిసియుండుటయు అరుదు కాదు.

పూర్వచరిత్రము

రోగమును అనుభవించినవాడు రోగికి తోడ్పడగలడను భావము క్రొత్తది కాదు. 18వ శతాబ్దాంతమున పారిస్ చెంత బిసెత్ర్ ఆసుపత్రిలో ఉన్మత్తుల విభాగమును చూచుచుండిన జాన్ బాతీస్త్ ప్యూసాన్, వ్యాధి నయమైనవారినే ఏరి పరిచారకులుగ నియమించుచుండెను; వారు రోగులను కొట్టరనియు, ఓర్పుతో మెలగుదురనియు ఆయన గ్రహించెను. 1793లో అచట వైద్యుడుగ చేరిన ఫిలిప్ పినెల్ ఈ ఏర్పాటును మెచ్చి, దానిని తన గ్రంథమున శ్లాఘించెను.

అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ అను యేల్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడు 1900లో వ్యాధిగ్రస్తుడై, కనెక్టికట్ రాష్ట్రమున మూడు ఆసుపత్రులలో దాదాపు మూడేండ్లు గడపి, అచట తాను పొందిన హింసను 1908లో ఆత్మకథగ ప్రకటించెను. ఆయన వైద్యుడు గాకున్నను, మరుసటి సంవత్సరమే మానసికారోగ్యమునకై జాతీయ సంఘమును స్థాపించి ఒక ఉద్యమమునకే నాయకుడయ్యెను. ఆంటన్ బాయిసెన్ అను క్రైస్తవ మతాచార్యుడు 1920లో తీవ్రమైన మతిభ్రమకు లోనై ఆసుపత్రి పాలై, కోలుకొని, 1924లో మసాచుసెట్స్ రాష్ట్రమున వూస్టర్ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికే మతగురువుగ వచ్చెను. మరుసటి యేట ఆయన వేదాంత విద్యార్థులను వార్డులకు దెచ్చి, రోగులను జీవద్గ్రంథములుగ భావించి అధ్యయనము చేయుడని బోధింప నారంభించెను. ఆసుపత్రులలో మతాచార్యులకు నేడొసగుచున్న శిక్షణకు మూలము అదియే.

స్విట్జర్లాండు దేశీయుడగు మనోవైద్యుడు కార్ల్ యూంగ్ వృత్తాంతము వేరు తరగతికి చెందినది. మనోవిశ్లేషణ స్థాపకుడగు ఫ్రాయిడ్‌తో తెగతెంపులైన 1913లో ఆయనకు ఐరోపాఖండమంతయు జలప్రళయమున మునిగినట్లు దృశ్యములు తోచెను. తాను ఉన్మాదమున పడుచున్నాననియే ఆయన భయపడెను. ఆ దశ కొన్నియేండ్లు సాగినను ఆయన రోగులను చూచుట మానలేదు. తన మనోదృశ్యములను స్వహస్తముతో వ్రాసి, చిత్రించి దాచిన గ్రంథము ఆయన మరణానంతరము చాలకాలమునకు, 2009లో వెలుగు చూచెను. దానిని వ్యాధి యనవలెనా, ఆత్మపరీక్ష యనవలెనా యన్న విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. చికిత్సకుని స్వీయక్షతమే అతని శక్తికి మూలము కావచ్చునను భావమును ఈ శాస్త్రమున ప్రచారము చేసినవాడు మాత్రము యూంగే.

కే రెడ్‌ఫీల్డ్ జామిసన్

ఈ విషయమున లోకమునకు మిక్కిలి పరిచితమైన పేరు కే రెడ్‌ఫీల్డ్ జామిసన్. 1946లో జన్మించిన ఈమె 1974లో లాస్ ఏంజిలీస్ నగరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు మనోవైద్య విభాగమున ఆచార్యపదవిలో చేరిన మూడు నెలలకే తీవ్రమైన ఉన్మాదదశకు లోనయ్యెను. నిద్ర లేకయే ఉత్సాహము పొంగుటయు, ఆలోచనలు ఒకదానినొకటి త్రోసికొని పరుగెత్తుటయు, ధనము నీళ్లవలె వెచ్చించుటయు ఈ దశకు లక్షణములు. ఆ రోజులలో ఆమె లోకమును తక్షణమే రక్షింపవలెనన్నంత ఆతురతతో పాముకాటు మందుల పెట్టెలను పన్నెండింటిని కొని తెచ్చెను. ఇట్టి ఉన్మాదము తగ్గిన వెనుక అంతకంతయు లోతైన విషాదము ఆవరించుట బైపోలార్ అనబడు ఈ వ్యాధి స్వభావము. ఆమె ఒక పర్యాయము ఆత్మహత్యకు యత్నించి, మృత్యుముఖమునుండి బయటపడెను.

ఈ వ్యాధికి ప్రధానౌషధమగు లిథియమ్ లవణము యొక్క గుణమును ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో లోకమునకు తెలిపెను. అమెరికా ప్రభుత్వము దానికి 1970లో అనుమతి నొసగెను. రక్తములో దాని పరిమాణము కొంచెము తగ్గినను గుణమీయదు, కొంచెము హెచ్చినను విషమగును. కావున పలుమారు రక్తపరీక్ష అవసరము. ఆ రోజులలో వాడుకలోనున్న హెచ్చు మోతాదుచే జామిసన్‌కు చేతులు వణకెను, వమనములయ్యెను. అన్నింటికంటె దుస్సహముగ, అక్షరములు కంటియెదుట నున్నను అర్థము మనస్సున నిలువక గ్రంథపఠనమే అసాధ్యమయ్యెను. చదువే ప్రాణమైన విదుషి ఔషధమును పదేపదే మానివేయుటకు, మానిన ప్రతిసారియు వ్యాధి మరలుటకు ఇదియొక కారణము. అనేక సంవత్సరములకు మోతాదు తగ్గింపబడినప్పుడు ఆమెకు చదువు మరల దక్కెను. ఔషధము మానెడి రోగిని మూర్ఖుడని నిందించుటకు ముందు, ఆ ఔషధము అతనినుండి ఏమి హరించుచున్నదో అడిగి తెలిసికొనవలెనను సత్యమును ఆమె తన దేహముననే నేర్చుకొనెను.

జామిసన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముననే భావోద్రేక వ్యాధుల చికిత్సాలయమును స్థాపించెను. పిదప బాల్టిమోర్ నగరమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో మనోవైద్యాచార్య పదవి నలంకరించెను. 1990లో ఫ్రెడరిక్ గుడ్విన్ అను వైద్యునితో కలిసి బైపోలార్ వ్యాధిపై ఆమె రచించిన బృహద్గ్రంథము ఆ విషయమున ప్రామాణికమైనది. దానిని చదివిన వైద్యులలో చాలమందికి రచయిత్రి తన వ్యాధిని గూర్చియే వ్రాయుచున్నదని తెలియదు. 1995లో "ఎన్ అన్‌క్వయట్ మైండ్" అను ఆత్మకథను ప్రకటించి ఆమె ఆ రహస్యమును బయటపెట్టెను. శాస్త్రగ్రంథమును, ఆత్మకథను వ్రాసిన చేయి ఒక్కటే యగుటచే, రోగి చెప్పు మాటకు శాస్త్రజ్ఞుని మాటతో సమానమైన గౌరవము లభించుటకు మార్గమేర్పడెను.

మార్షా లినెహాన్

1943లో ఓక్లహోమా రాష్ట్రమున టల్సా నగరమున జన్మించిన మార్షా లినెహాన్‌ను 1961లో, పదునేడేండ్ల వయస్సున, హార్ట్‌ఫర్డ్ నగరములోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్ అను మానసిక ఆసుపత్రిలో చేర్పించిరి. ఆమె అచట రెండేండ్లకు పైగ నుండెను. వైద్యులు స్కిజోఫ్రీనియా యని నిర్ణయించి, పలు ఔషధము లిచ్చి, విద్యుచ్చికిత్సయు జరిపిరి. తన్ను తాను గాయపరచుకొనుట మానకుండుటచే ఏకాంతపు గదిలో నిర్బంధించిరి. ఏదియు పెద్దగ ఫలింపలేదు. ఈ నరకమునుండి తాను బయటపడి, అందున్న ఇతరులను బయటికి తెత్తునని ఆమె చేసికొన్న ప్రతిజ్ఞయే తరువాతి జీవితమునకు దారి చూపెను.

1971లో షికాగోలోని లయోలా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, పిదప సియాటిల్ నగరమున వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యత్వము వహించి, ఆమె డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ యను క్రొత్త చికిత్సను రూపొందించెను. ఆత్మహత్యాయత్నములు పదేపదే చేయుచు, బార్డర్‌లైన్ వ్యక్తిత్వ వికారము గలవారని పేరుపడి, వైద్యులచే సైతము విసుగుతో విడువబడినవారి కొరకు ఇది ఉద్దేశింపబడినది. మారుమని మాత్రమే చెప్పినచో అట్టివారు నిందగ భావింతురు; ఓదార్చుట మాత్రమే చేసినచో బాధ అట్లే నిలుచును; కావున ఉన్నస్థితిని ఉన్నట్లు అంగీకరించుటయు, దానిని మార్చుకొనుటయు జంటగ నడువవలెనని ఆమె సిద్ధాంతము. అంగీకారభాగమునకు ఆమె జెన్ బౌద్ధసాధన నుండియు, పరివర్తనభాగమునకు ప్రవర్తనా చికిత్స నుండియు ఆధారములు గ్రహించెను. వారమునకొకమారు ఒంటిగ సంభాషణ, తరగతి రూపమున నైపుణ్యముల బోధన, ఆపత్సమయమున టెలిఫోనుపై సలహా, వీనితోపాటు చికిత్సకులే ఒకరికొకరు ఊతమిచ్చుకొనుటకై సమావేశము అను నాలుగంగములు దీనికి గలవు. చికిత్సకుడును అలసిపోవునని, అతనికిని ఆదరణ కావలెనని విధానముననే వ్రాసిపెట్టుట దీనిలోని విశేషము. 1991లో వెలువడిన ఆమె తొలి ప్రయోగఫలితములు ఆత్మహింసా చేష్టలు తగ్గినట్లు చూపెను. 1993లో ప్రకటితమైన ఆమె గ్రంథము పెక్కుదేశములందు పాఠ్యమైనది.

ఇంత జరిగినను తన గతమును ఆమె బహిరంగముగ చెప్పలేదు. ఆమె చేతులపై మచ్చలను గమనించిన ఒక రోగిణి, మీరును మాలో ఒకరా యని సూటిగ ప్రశ్నించెను. మీరు ఔనన్నచో మా వంటివారికి ఆశ కలుగునని తెలిపెను. ఆ ప్రశ్న మనస్సున నాటుకొనగా, 2011లో, తన్ను పదునేడవయేట నిర్బంధించిన ఆసుపత్రికే వెళ్లి, మిత్రులు, కుటుంబమువారు, వైద్యులు ఆసీనులైన సభలో తన కథను వినిపించెను. అప్పటికామె వయస్సు 68 ఏండ్లు. 2020లో ఆమె ఆత్మకథ వెలువడెను.

ఇతర ప్రముఖులు

ఫ్రెడరిక్ ఫ్రీస్ (1940-2018) అమెరికా నౌకాదళ సైనికవిభాగమగు మెరీన్ దళమున అధికారిగ నుండగా, 1966లో స్కిజోఫ్రీనియా వ్యాధికి లోనయ్యెను. తదుపరి పదియేండ్లలో పలుమారు ఆసుపత్రులు చేరియు, విద్య మానక, మనస్తత్వ శాస్త్రమున డాక్టరేటు సాధించి, ఒహాయో రాష్ట్రమున వెస్టర్న్ రిజర్వ్ మానసిక ఆసుపత్రిలో పదునైదేండ్లు మనస్తత్వ విభాగమునకు అధిపతిగ నుండెను. ఎవరైన గద్దించినను, కించపరచినను తన వ్యాధి రేగునని తెలిసినవాడై, ఆ సంగతిని మర్యాదగ విన్నవించు చిన్నకార్డును జేబులో నుంచుకొని, అవసరమైనప్పుడు ఎదుటివారి చేతికిచ్చుచుండెను. తన బలహీనతను దాచుటకు మారుగ దానిని నిర్వహించు ఉపాయమును వెదకిన ఆయన పద్ధతి రోగులకును, కుటుంబములకును ఆదర్శమైనది.

పదునేడవయేట అదే వ్యాధి కలదని తేల్చబడిన పట్రీషియా డీగన్, నెలలతరబడి కుర్చీలో కూర్చుండి పొగత్రాగుచు కాలము వెళ్లబుచ్చెను. ఆమె అవ్వ ప్రతిదినము వచ్చి, సరుకులు కొనుటకు నాతో వచ్చెదవా యని అడుగును. ఆమె రానని చెప్పును. అవ్వ మరుసటిరోజు మరల అడుగును. ఒకనాడు ఆమె వచ్చెదననెను. పోయి, దుకాణమున బండిని మాత్రము త్రోసెను. తన కోలుకొనుటకు అదియే తొలిమెట్టని ఆమె తరువాత వ్రాసెను. 1984లో క్లినికల్ సైకాలజీలో డాక్టరేటు పొందిన డీగన్, వ్యాధి సమూలముగ పోవుటకును, వ్యాధి యుండగనే అర్థవంతమైన జీవితమును తిరిగి నిర్మించుకొనుటకును గల భేదమును వివరించుచు 1988లో ప్రకటించిన వ్యాసము మనోవైద్య విధానములనే ప్రభావితము చేసెను. వైద్యుని గదిలో అడుగిడుటకు ముందే రోగి తన అభిప్రాయములను కంప్యూటరుపై నమోదు చేసి, చికిత్సానిర్ణయమున పాలుపంచుకొను ఏర్పాటును సైతము ఆమె కల్పించెను.

బ్రిటనులో ససెక్స్ విశ్వవిద్యాలయాచార్యుడు స్టూవర్ట్ సదర్లాండ్ 1976లోను, కెనడాలో యార్క్ విశ్వవిద్యాలయాచార్యుడు నార్మన్ ఎండ్లర్ 1982లోను తమ విషాదవ్యాధిని గూర్చి గ్రంథములు వ్రాసిరి. విద్యుచ్చికిత్సచే తాను మేలు పొందిన తీరును ఎండ్లర్ నిర్భయముగ వివరించెను. మాంచెస్టరు మనోవైద్యురాలు లిండా గాస్క్ 2015లో తన దీర్ఘకాలిక విషాదానుభవమును, తాను చికిత్స చేసిన రోగుల కథలతో జతపరచి ప్రకటించెను.

గోప్యతకు చెల్లించిన మూల్యము

పైని వృత్తాంతములు సుఖాంతములు; అన్నియు అట్లు ముగియలేదు. లండనులో మనోవైద్యురాలగు దక్షా ఎమ్సన్ బైపోలార్ వ్యాధిగ్రస్తురాలు. వ్యాధి బయటపడినచో వృత్తికి చేటగునను భీతిచే దానిని సహోద్యోగులకు తెలియనీయలేదు. సంతానము కొరకు ఔషధము మానివేసి, ప్రసవానంతరము తీవ్రోన్మాదమునకు లోనై, 2000 సంవత్సరము అక్టోబరులో మూడు నెలల శిశువును తుదముట్టించి, తానును ప్రాణములు కోల్పోయెను. 2003లో వెలువడిన విచారణ సంఘపు నివేదిక, ఆమె తన రోగులకు లభించుచుండిన దానికంటె తక్కువ తరగతి చికిత్సను పొందినదని నిర్ధారించెను. వైద్యురాలు గావున ఆమె తన్ను తాను చూచుకొనగలదని అందరు భావించుటయు, రోగి గావున వైద్యురాలుగ ఉండరాదేమోనని ఆమె భయపడుటయు కలిసి ఈ దారుణమునకు దారితీసెను. నేరము ఒక వ్యక్తిది కాదు. రోగము చెప్పుకొనుటకు చోటు లేని వ్యవస్థది. ఈ విచారణ అనంతరము బ్రిటనులో వైద్యులకు, దంతవైద్యులకు రహస్యముగ చికిత్స నొసగు ప్రత్యేక సేవ 2008లో లండనున ప్రారంభమై, క్రమముగ విస్తరించెను.

అర్హతను గూర్చిన వివాదము

వ్యాధి గలవారు చికిత్స చేయవచ్చునా యను ప్రశ్నకు రోగుల క్షేమమే గీటురాయి. ఉన్మాదమో, మతిభ్రమయో ఉద్ధృతముగ నున్న దశలో ఎవ్వరును రోగిని చూడరాదు. ఈ విషయమున రెండవ మాట లేదు. స్వానుభవము గల చికిత్సకుడు తన కథనే ఎదుటివాని కథగ భ్రమించుటయు, ఓదార్పు పేరిట తన బాధను రోగి భుజములపై మోపుటయు నిజమైన అపాయములు. వీనిని నివారించుటకు అనుభవజ్ఞుల పర్యవేక్షణయు, తన చికిత్సకు వేరొక వైద్యుని నియమించుకొనుటయు, వ్యాధి తిరుగబెట్టు తొలిలక్షణములను ముందుగనే గుర్తించి విరామము తీసికొను ఒప్పందమును ఆవశ్యకములు.

కాని ఈ జాగ్రత్తలన్నియు నేటి సామర్థ్యమును గూర్చినవే కాని ఎన్నడో నిర్ణీతమైన రోగనామమును గూర్చినవి కావు. అమెరికాలో అనేక రాష్ట్రముల వైద్యమండలులు, నీకు ఎన్నడైన మనోవ్యాధి కలిగెనా యని అనుమతి పత్రములందు ప్రశ్నించుచుండెను. ఈ ప్రశ్నకు జడిసి వైద్యులు చికిత్సయే పొందకుండుట సర్వసాధారణమయ్యెను. ప్రస్తుతము పనిచేయుటకు ఆటంకమగు స్థితిని గూర్చి మాత్రమే అడుగవలెనని ఆ మండలుల సమాఖ్య 2018లో సూచించెను. రోగిని కాపాడుటకని పెట్టిన ప్రశ్నయే వైద్యుని చికిత్సకు దూరముచేసినచో, తుదకు నష్టపడునది ఆ రోగియే. మరియొకవంక స్వానుభవమునే అర్హతగ గుర్తించు ప్రయత్నమును జరిగెను: అమెరికాలోని జార్జియా రాష్ట్రమున 1999లో, కోలుకొన్నవారిని శిక్షితులైన సహాయకులుగ నియమించి, వారి సేవకు ప్రభుత్వబీమా ద్వారా వేతన మొసగు పద్ధతి ఆరంభమై ఇతర రాష్ట్రములకు వ్యాపించెను. ప్యూసాన్ బిసెత్ర్‌లో గ్రహించిన సూత్రమునకు ఈ విధముగ శాసనబద్ధమైన రూపము కలిగెను.

భారతదేశమున

మనదేశమున 2015-16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వే ప్రకారము వయోజనులలో 10.6 శాతము మంది ఏదో ఒక మనోవ్యాధితో బాధపడుచున్నారు. వారిలో అత్యధికులకు చికిత్స అందుటలేదు. ఇట్టి దేశమున చికిత్సకుల సంఖ్య యెంత స్వల్పమో, వారిలో వ్యాధిగ్రస్తులు నోరు విప్పుట అంత దుర్లభము. మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు అను స్థలనామములే తెలుగునాట ఎగతాళి మాటలుగ చలామణి యగుచున్నప్పుడు, ఇంటిలోని వ్యాధి పొక్కినచో పెండ్లి సంబంధములు తప్పునని పెద్దలు భయపడుచున్నప్పుడు, తెల్లకోటు ధరించినవారు మాత్రము నిస్సంకోచముగ చెప్పుకొందురని ఆశించుట అన్యాయము.

చట్టము మాత్రము సమాజముకంటె ముందడుగు వేసినది. 2018 మే నెలలో అమలులోనికి వచ్చిన 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మనోవ్యాధి కలదని నిర్ణయించినంత మాత్రమున ఆ వ్యక్తిని మతిస్థిమితము లేనివాడని భావింపరాదని స్పష్టపరచెను. రోగవివరములను గోప్యముగ నుంచుట రోగి హక్కనెను. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము మనోవ్యాధిని వైకల్యములలో చేర్చి, ప్రభుత్వోద్యోగములందు వివక్షను నిషేధించెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవను 14416 సంఖ్యద్వారా ఎవరైనను పొందవచ్చును. ఈ రక్షణలు రోగులకెంత వర్తించునో, రోగులైన వైద్యులకును అంతే వర్తించును. వానిని వాడుకొనుటకు కావలసిన ధైర్యమును సహోద్యోగులే కలిగింపవలెను.

సమీక్ష

ఈ చరిత్రమునుండి తేలిన సారము స్పష్టము. స్వానుభవము ఒక జ్ఞానము. అది శాస్త్రశిక్షణకు ప్రత్యామ్నాయము కాదు గాని దానిని లోతుపరచును. లినెహాన్ చికిత్సయు, జామిసన్ గ్రంథమును, డీగన్ సిద్ధాంతమును వ్యాధి మాత్రమే ఇచ్చిన వరములు కావు. వ్యాధిని పొంది, దానికి చికిత్స గైకొని, ఆపై యేండ్లతరబడి కఠినమైన విద్యాభ్యాసము చేసినవారి పరిశ్రమఫలములు. తగిన చికిత్సయు, ఆదరణయు లేకున్నచో వీరిలో పలువురు మిగిలియుండెడివారు కారేమో. కావున వైద్యకళాశాలలు, ఆసుపత్రులు, వృత్తిమండలులు చేయవలసిన కార్యము ఒక్కటే: తమ సభ్యుడు రోగియైనపుడు, రోగులపట్ల చూపుడని తాము బోధించు ఓర్పును, గోప్యతను, ఆశను అతనికిని నిండుగ దక్కనీయుట. తనవారి వ్యాధిని సిగ్గుపాటుగ చూచు వృత్తి, సమాజమును సిగ్గుపడవలదని చెప్పు అధికారమును కోల్పోవును.